చెరువుకు ఎవరు బాకీ?

కలుపు అంటే ఏమిటని ఏ రైతునడిగినా తడుముకోకుండా చెబుతాడు. తాను నాటనిది, తన పంట తిండి తినేది. ఆ నిర్వచనంలో లోటేమీ లేదు. పొలం అతనిది, దున్నింది అతను, విత్తింది అతను, పీకే హక్కూ అతనిదే. మరి చెరువులో కలుపంటే ఏమిటి? అక్కడ ఎవరూ ఏదీ విత్తలేదు. తామర లేస్తే అందం అంటాం, గుర్రపుడెక్క లేస్తే కలుపు అంటాం. గట్టున పొన్నగంటి మొలిస్తే కూర అంటాం, నీటి మీద పాచి కడితే రోత అంటాం. మొక్కకు తాను ఏ పద్దులో ఉన్నదీ తెలియదు. కాబట్టి చెరువులో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అని తేల్చే అధికారం ఎవరిది? దాని వెనకనే ఇంకో ప్రశ్న, నా వృత్తికి దగ్గరిది: తీసే ఖర్చు ఎవరు భరించాలి?

నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. కామర్స్ చదివి ముప్పై ఏళ్ళ పైచిలుకుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. మా పెద్దలు ఎప్పుడో కొంగునాడుకు దిగివచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో రెండూ కాని ఇంగ్లీషు. ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది సంగతి ఇదే కాబట్టి వివరించనక్కరలేదు. నాకున్న ఒకే ఒక్క వ్యసనం గాలం. ఆదివారాలు కోయంబత్తూరు శివార్లలోని ఒక చెరువు గట్టున గాలపు కర్ర పట్టుకుని కూర్చుంటాను. నాలాంటివాళ్ళు ఓ ముప్పైమంది కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాం. పంచాయతీకి కొంత సొమ్ము కట్టి, శని ఆదివారాలు చేపలు పట్టుకునే అనుమతి తీసుకున్నాం. పట్టినదాన్ని చాలావరకు మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తాం. అందుచేత చేపల మీద మాకు దయ ఎక్కువని మాలో కొందరి నమ్మకం. చేపకు ఆ అభిప్రాయం ఉందో లేదో నాకు తెలియదు.

బ్యాంకువాణ్ణి గనక లెక్కలు నా నెత్తిన పెట్టారు. ఆ లెక్కలు రాయబట్టే ఈ వ్యాసం.

గత వేసవికి చెరువులో ఎగువ సగం గుర్రపుడెక్కతో నిండిపోయింది. మిగతా సగంలో నీళ్ళు పచ్చరంగు కలిపినట్టున్నాయి. గాలం వేస్తే ఎర నీళ్ళను తాకదు, ఆకులో చిక్కుకుంటుంది. సంఘం సమావేశమైంది. మందు కొడదామని కొందరు, గడ్డి తినే చేపల్ని వదులుదామని కొందరు, కూలీల్ని పెట్టి తీయిద్దామని కొందరు. గంటసేపు గడిచేసరికి మాట మందు మీద నుంచి ‘ఇదంతా ఎవరివల్ల?’ అనేదాని మీదికి మళ్ళింది. రంగుల అద్దకం వాళ్ళని ఒకరు. ఎగువ కాలనీల మురుగని ఒకరు. పొలాల్లో గుప్పించే ఎరువులని ఇంకొకరు. పంచాయతీ నిద్రపోవడమని అందరూ. చెప్పినవన్నీ కొంతకొంత నిజమే. అందుకే ఏదీ తేలలేదు.

ఇలాంటి తగవు కొత్తది కాదు. మాకు పైనే, కొండ మీద, దీనికి రెండు వందల ఏళ్ళ ఉదాహరణ ఉంది. ఊటీ సరస్సు సహజమైన సరస్సు కాదు. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరుగా ఉన్న జాన్ సలివన్ కొండవాగులకు అడ్డుకట్ట వేయించి దాన్ని తయారుచేయించాడు. చేపలు పట్టుకోవడం అప్పటి ఉద్దేశాల్లో ముఖ్యమైనది. అంటే వినోదానికి చేపలు పట్టే చెరువుల్లో అది మనకు పెద్దన్న లాంటిది. క్రమంగా నీరు తగ్గి, విడిచిన జాగాలోకి బస్టాండు, గుర్రప్పందాల మైదానం వచ్చాయి. చేపల వేటకు కొత్త రకాలు కావాలనిపించింది. 1939లో సిలోన్ నుంచి కామన్ కార్ప్ చేపను నీలగిరికి తెచ్చారు. ఈ చేప అడుగు బురదను మూతితో తవ్వి తింటుంది. తవ్విన బురద నీళ్ళలోకి లేస్తుంది, దాంతోపాటు బురదలో దాగిన సారమూ లేస్తుంది. మరోపక్క పట్టణం పెరిగింది. ఊరి మధ్యగా వచ్చే కోడప్పమండు కాలువ ఒకప్పుడు కొండనీళ్ళు తెచ్చేది, తర్వాత ఊరి మురుగును తెచ్చింది. 1973 నుంచి పర్యాటక సంస్థవారు అక్కడ పడవలు నడుపుతున్నారు. పడవ ఎక్కేవాళ్ళు ఏటా లక్షల్లో వస్తారు, వాళ్ళు దిగే హోటళ్ళ నీళ్ళు ఎక్కడికి పోవాలి? వినోదం కోసం కట్టిన నీటిని వినోదమే పాడుచేసిందంటే అన్యాయమేమీ కాదు. కానీ ఇందులో దోషి ఎవరు? సలివనా? చేపను తెచ్చినవాడా? ఒక్క రాత్రి గది తీసుకుని స్నానం చేసి వెళ్ళిన కొత్త జంటా?

ఈ గుర్రపుడెక్కకు తమిళంలో ఆగాయత్తామరై అని పేరు, అంటే ఆకాశ తామర. మన భాష ఆకు రూపం చూసి గుర్రం డెక్క అంది, ఆ భాష పువ్వును చూసిందో ఏమో ఆకాశంలోకి ఎత్తింది. పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ ప్రాంతం. అందమైన ఊదారంగు పువ్వు కోసం మనుషులే దేశదేశాలకూ మోసుకుపోయారు. బెంగాలులో అది ఎంతగా పెరిగిందంటే 1936లో దాని కోసం ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. ఒక మొక్క మీద చట్టం! సమన్లు ఎవరికిచ్చారో గాని, మొక్క మాత్రం హాజరవుతూనే ఉంది.

ఇక అది ఎందుకు పెరుగుతుందనే సంగతి. ఇక్కడ నాకు పరిచితమైన భాష దొరికింది, జమాఖర్చుల భాష. మొక్కకు వెలుతురు, నీళ్ళు, గాలిలోని బొగ్గుపులుసు కావాలి. ఇవి చెరువులో పుష్కలం. నత్రజని కావాలి, అది కూడా ఏదో విధంగా దొరుకుతుంది. సాధారణంగా కరువుగా ఉండేది భాస్వరం. 1973లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రజ్ఞుడి బృందం ఒక చిన్న సరస్సును నడుముకు అడ్డంగా తెర కట్టి రెండు భాగాలు చేసింది. ఒకవైపు కర్బనం, నత్రజని కలిపారు. రెండోవైపు ఆ రెంటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడ్డ సగం పచ్చటి పాచి పట్టింది, రెండో సగం తేటగానే ఉండిపోయింది. ఆకాశం నుంచి తీసిన ఆ సరస్సు ఫొటో ఒక్కసారి చూసినవాడు మరిచిపోడు. ఒకే నీరు, మధ్యలో తెర, అటు ఒక లోకం, ఇటు ఒక లోకం.

భాస్వరం ఎక్కణ్ణుంచి వస్తుంది? మన ఒంటి నుంచి, పశువుల పేడ నుంచి, కొన్ని సబ్బుపొడుల నుంచి, పొలానికి వేసిన డి.ఏ.పి. నుంచి, వానకు కొట్టుకొచ్చే మట్టి నుంచి. అది గాలిలో కలిసిపోయేది కాదు. వచ్చిందంటే చెరువు ఖాతాలో జమ అయినట్టే. మొక్కలోకి వెళుతుంది, మొక్క చచ్చి కుళ్ళితే నీళ్ళలోకి వస్తుంది, లేదా అడుగు బురదలోకి దిగి కూర్చుంటుంది. వేసవిలో అడుగున ప్రాణవాయువు తగ్గినప్పుడు మళ్ళీ పైకి తేలుతుంది. తీసేదాకా ఖాతా ముగియదు. గుర్రపుడెక్క ఆ ఖాతాకు బ్యాంకువాడు పంపే స్టేట్‌మెంటు లాంటిది. స్టేట్‌మెంటు చించేస్తే బాకీ పోతుందా?

మేము ఆలోచించిన మందుల్ని ఈ దృష్టితో ఒక్కొక్కటిగా చూశాను.

పాచికి మైలుతుత్తం చల్లడం నూరేళ్ళకు పైబడ్డ పద్ధతి. అమెరికాలో 1904 ప్రాంతం నుంచే ఉంది. పాచి చస్తుంది, నిజమే. కానీ రాగి ఎక్కడికీ పోదు, బురదలో చేరుతుంది. నీరు మెత్తనిదైతే చేపకూ ప్రమాదమే. కలుపుమందు కొట్టినా గుర్రపుడెక్క వాడుతుంది, అయితే చచ్చిన మొక్కలన్నీ ఒకేసారి మునిగి కుళ్ళుతాయి. కుళ్ళడానికి ప్రాణవాయువు కావాలి. అది నీళ్ళలో కరిగినదే, చేప పీల్చేదీ అదే. తెల్లవారుజామున ప్రాణవాయువు అసలే తక్కువ. అందుకే చెరువంతా ఒక్కరోజున మందు కొట్టినచోట మూడో నాలుగో రోజు పొద్దున తెల్లగా తేలిన చేపలు కనిపిస్తాయి. తెలిసినవాళ్ళు మూడో వంతో నాలుగో వంతో చొప్పున వారాల తేడాతో కొడతారు. ఎంత తెలివిగా కొట్టినా చచ్చిన మొక్కలోని భాస్వరం మాత్రం చెరువులోనే ఉంటుంది. బ్యాంకులో దీన్ని పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇవ్వడం అంటాం. కాగితం మీద ఖాతా శుభ్రం, ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొండి బాకీ.

గడ్డిచేప, అంటే గ్రాస్ కార్ప్, 1959లో మన దేశానికి, ఒరిస్సాలోని కటక్‌కు వచ్చింది. కటక్‌లో ఉన్న పాఠకులు గర్వపడవచ్చు. దాని ఆకలి అంతా ఇంతా కాదు. నీటిలో మునిగి పెరిగే నాచుమొక్కలంటే దానికి ప్రీతి, గుర్రపుడెక్క అంటే అంత ఇష్టం లేదు. తిన్నదాంట్లో సగం మేరకే అరుగుతుంది, మిగిలింది నీళ్ళలోకే. మెత్తటి నాచంతా తినేశాక ఆ సారం ఎవరికి దక్కుతుంది? పాచికి. చెరువు మొక్కలతో నిండి తేటగా ఉండటం ఒక స్థితి, మొక్కలు లేక పచ్చగా ఉండటం ఇంకో స్థితి. లోతు తక్కువ చెరువుల్లో గడ్డిచేపల్ని అతిగా వదిలితే మొదటి స్థితి నుంచి రెండో స్థితిలోకి దొర్లిపోతుంది. వెనక్కి రావడం కష్టం.

ముక్కుపురుగు కథ మాత్రం నాకు నచ్చింది. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు 1980ల మొదట్లో గుర్రపుడెక్కను మాత్రమే తినే ముక్కుపురుగుల్ని విదేశాల నుంచి తెప్పించి, మన పంటల జోలికి పోవని పరీక్షించి తేల్చుకున్నాక చెరువుల్లో వదిలారు. హెబ్బాళ చెరువులో గుర్రపుడెక్క బాగా అణిగింది. సాల్వీనియా అనే మరో నీటికలుపుకు వేరే ముక్కుపురుగును తెచ్చి బెంగుళూరులోని ఒక కలువకొలనులో వదిలితే ఏడాది లోపలే కలుపు పోయి కలువలు మళ్ళీ పూశాయి. బెంగుళూరు తెలుగువాళ్ళు ఎందరో ఆ కొలను పక్కన నడిచే ఉంటారు, ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమందో. పురుగు మొక్కను చంపదు, అదుపులో ఉంచుతుంది. తొందర లేదు, ఆర్భాటం లేదు. కానీ రోజూ మురుగు వచ్చిపడేచోట దాని శక్తి చాలదు. అదే బెంగుళూరులో 2017 ఫిబ్రవరిలో బెళ్ళందూరు చెరువు తగలబడింది. చెరువు తగలబడటం! పూర్వం ఎవరైనా అంటే పొడుపుకథ అనుకునేవాళ్ళం. ఆ పొగను చిన్న పురుగు ఆర్పగలదా?

మిగిలింది చేత్తో తీయడం. ఖర్చెక్కువ, శ్రమ ఎక్కువ. గుర్రపుడెక్కలో నూటికి తొంభై ఐదు పాళ్ళు నీరే. అంటే నూరు కిలోలు మోస్తే మోసేది నీళ్ళనే. అదునుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, దాని విత్తనాలు బురదలో ఏళ్ళతరబడి బతికి ఉంటాయి. అయినా మిగతా పద్ధతులు వేటికీ లేని గుణం దీనికొకటి ఉంది. తీసి గట్టు దాటిస్తే దానితోపాటు కొంత భాస్వరమూ గట్టు దాటుతుంది. అసలులో కొంత నిజంగా తీరుతుంది.

ఇంతవరకూ ఇంగితం. ధర్మం ప్రశ్న ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

సమావేశంలో మేమంతా చేసింది దోషిని వెతకడం. ఏదైనా చెడితే పాపం చేసినవాణ్ణి పట్టుకోవాలని మనకు ఒక అలవాటు. హత్యకూ దొంగతనానికీ అది సరిపోతుంది. వెయ్యి ఇళ్ళు, వంద పొలాలు, నాలుగు వర్క్‌షాపులు, ఇరవై ఏళ్ళు కలిసి చేసినదానికి సరిపోదు. ఏ ఇల్లాలూ చెరువును చంపుదామని బట్టలు ఉతకలేదు. ఆమె ఒక్కతే ఉతకడం మానేసినా చెరువుకు తేడా తెలియదు. పాపాన్ని వెయ్యిమందికి పంచితే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది సున్న. సున్నలన్నీ కూడితే మాత్రం చెరువు నిండింది. ఇదే చిక్కు. ఎవరికీ తప్పు లేదు గనక ఎవరికీ బాధ్యత లేదనే తీర్మానానికి సభ్యసమాజం చాలా సులభంగా వచ్చేస్తుంది.

నా ఉద్దేశం ఏమిటంటే, ఇక్కడ మనం వాడవలసిన మాట పాపం కాదు, అప్పు. ఈ రెంటికీ పెద్ద తేడా ఉంది. పాపానికి చెడ్డ మనసు కావాలి, అప్పుకు అక్కరలేదు. నా బల్ల ముందు కూర్చునే బాకీదారుల్లో చెడ్డవాళ్ళు తక్కువ. వాన రానివాడు, జబ్బుపడ్డవాడు, కొడుకును చదివించినవాడు. వాళ్ళు మంచివాళ్ళయినంత మాత్రాన అసలు తగ్గదు. జామీను సంతకం పెట్టినవాడు ఒక్క పైసా ముట్టుకోలేదు, అయినా బాధ్యుడే. తండ్రి పోతే, ఆయన ఆస్తి తీసుకున్న మేరకు ఆయన అప్పులకు కొడుకు బాధ్యుడు. పొలం నాకు, బాకీ నీకు అంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. ఇందులో నింద లేదు, అవమానం లేదు. లెక్క ఉంది, అంతే.

మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసుననుకుంటాను. మనిషి పుడుతూనే దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు ఋణాలతో పుడతాడన్నారు. పుట్టడం నేరమా? కాదు. అయినా ఋణమే. ఆఖరికి ఒక మనిషికీ మరో మనిషికీ ఉండే ప్రేమను కూడా ఋణానుబంధం అన్నాం. ఇంతగా అప్పును ఆలోచనలోకి తీసుకున్న జాతి, చెరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోలీసు బుద్ధితో దోషిని వెతకడం నాకు వింతగా ఉంటుంది.

దీనిమీద రెండు ఆక్షేపణలు వస్తాయి, వచ్చాయి కూడా. మొదటిది, ఇలా అంటే పెద్ద దోషులు గుంపులో దాక్కుంటారు కదా అని. కాలుష్యం చేసే కర్మాగారానికీ, అంట్లు తోముకునే ఇల్లాలికీ ఒకటే పేరు పెడతావా? లేదు. అప్పులో పెద్దదీ చిన్నదీ ఉంటుంది, ఎగవేత వేరే ఉంటుంది. కట్టగలిగీ కట్టనివాడి మీద బ్యాంకుకు ఎంత కోపం ఉండాలో అంతా ఉండవచ్చు, చట్టం తన పని తాను చేయవచ్చు. కానీ పెద్ద ఎగవేతదారు ఉన్నాడు గనక నా చిన్న వాయిదా నేను కట్టను అనేది వాదన కాదు. రుణమాఫీ వార్తలు వచ్చిన ప్రతిసారీ కౌంటరు దగ్గర ఈ మాట వినడం మాకు అలవాటే.

రెండోది, అప్పంటే ఇచ్చినవాడు ఉండాలి కదా, ఇక్కడ ఇచ్చినవాడెవరు అని. చెరువు నోటీసు ఇవ్వదు, దావా వేయదు. ఇది బలమైన ఆక్షేపణ. దీనికి నాకు దొరికిన జవాబు కూడా బ్యాంకు బల్ల మీదదే. మా దగ్గర మైనరు పిల్లల పేర ఖాతాలుంటాయి. దేవుళ్ళ పేర ఖాతాలుంటాయి. దేవుడు సంతకం పెట్టడు, పసివాడు పెట్టలేడు. అయినా సొమ్ము వాళ్ళదే. దేవతామూర్తిని చట్టం దృష్టిలో వ్యక్తిగా చూడటం మన దేశంలో పాత సంగతి, 1925లో ప్రివీ కౌన్సిల్ కూడా దాన్ని ఒప్పుకుంది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునా నదులకు అలాంటి వ్యక్తిత్వం ఉందని తీర్పిచ్చింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. న్యాయస్థానాలు ఎటు తేల్చినా, నోరు లేనివాడికి బాకీ పడటం అనేది వింత కాదని మాత్రం చెప్పగలను. నోరు లేనివాడి ఖాతాను సంరక్షకుడు నడుపుతాడు. తీసే ప్రతి రూపాయీ పిల్లవాడి మేలుకేనా అన్నది అక్కడ ప్రశ్న.

సంరక్షకుడనే మాట వచ్చాక చేపలు పట్టే మావంటివాళ్ళ స్థితి ఇబ్బందిలో పడుతుంది. చెరువు బాగుండాలని మేము కోరేది గాలం బాగా పడాలని. పిల్లవాడి పొలంలో మామిడిపళ్ళు తింటూ పొలాన్ని కాపాడుతున్నానే సంరక్షకుడు ఎలాంటివాడో మేమూ అలాంటివాళ్ళం. తినకూడదని నేననను. అంత వైరాగ్యం నాకు లేదు, ఆదివారం వస్తే తెలుస్తుంది. కానీ తినేవాడికి నచ్చిందే పిల్లవాడి మేలు అనుకోకూడదు. మాకు నచ్చేది అద్దంలాంటి ఖాళీ నీరు. చెరువుకు కావలసింది అది కాదు. చేపపిల్లలు దాక్కోవడానికి గట్టువార కొంత నాచు కావాలి, జమ్ము కావాలి. బురదను పట్టి ఉంచడానికి వేళ్ళు కావాలి. నీటి విస్తీర్ణంలో ఐదో వంతు, నాలుగో వంతు మొక్కలుంటే చేపలకు మంచిదేనని తెలిసినవాళ్ళంటారు. పొన్నగంటి కోసుకుని బజారులో అమ్ముకునే ఒక ముసలమ్మ రోజూ తూము దగ్గర కనిపిస్తుంది. మందు కొట్టిన గట్టున కోసిన కూర ఆమె ఎవరికి అమ్మాలి? మా సమావేశానికి ఆమెను ఎవరూ పిలవలేదు. చేపల వేలంపాట పాడుకున్న జాలరి కుటుంబాన్నీ పిలవలేదు. చెరువులో ఏది కలుపో నిర్ణయించింది ఆదివారం మనుషులం.

పండుగ వారానికి పోటీలు పెట్టుకున్నాం, అంతలోగా మందు కొట్టేద్దామని మాలో ఎక్కువమంది మాట. నేను ఖజానా తాళం చేతిలో పెట్టుకుని కుదరదన్నాను. చివరికి మందు మానుకున్నాం. మూడో వంతు తీయించడం, గట్టువార జమ్మును వదిలేయడం, వాగు చెరువులో కలిసేచోట ఒక మడి కట్టి అందులో జమ్ము పెంచి మురుగు నిలిచి నిదానంగా దిగేలా చేయడం అని ఒప్పందం.

తీయడానికి ఎనిమిదిమంది వచ్చారు. అందరూ మనవాళ్ళే, అంటే తెలుగు మాట్లాడేవాళ్ళు. తమిళనాడు పట్టణాల్లో మురుగూ చెత్తా ఎత్తే పనిలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. మన సాహిత్య సభలకు వాళ్ళను పిలవం గనక ఈ సంగతి మనకు అంతగా గుర్తుండదు. వాళ్ళు నడుం లోతు నీళ్ళలో దిగి, తాళ్ళతో గుర్రపుడెక్కను చాపలా చుట్టి లాగారు. చేతికి తొడుగులు కొనిచ్చాం, కాళ్ళకు ఏమివ్వాలో మాకు తోచలేదు. సాయంత్రానికి తొడల దాకా దద్దుర్లు. అందరిలోకీ పెద్దవాడితో, ‘‘పెద్దాయనా, దీంతో వదిలిపోతుందంటావా?’’ అన్నాను.

‘‘యాడ వదుల్తాది సార్? పైన మోరీ ఉండాది గదా. ఇది మళ్ళా వస్తాది, మేము మళ్ళా దిగతాము. మీకేమి, గట్టు మీద నిలబడి ఫోటో తీస్తారు’’ అన్నాడు. కోపంగా అనలేదు. బీడీ వెలిగించుకుంటూ, వాన గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజు వోచరు మీద ‘కలుపు తీత, కూలి’ అని రాసి ఎనిమిది వేలిముద్రలూ సంతకాలూ తీసుకున్నాను. బాకీ పడ్డది ఒకరు, దాన్ని ఒంటితో తీర్చింది ఇంకొకరు. కూలి ఇచ్చాం గదా అంటే ఇచ్చాం. దద్దుర్లకు ఏ పద్దూ లేదు.

బాకీ తీర్చుకున్న ఊళ్ళు లేకపోలేదు. అమెరికాలో సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు అని ఒకటుంది. 1950ల్లో చుట్టుపక్కల పట్టణాల మురుగుతో అది పాచి పట్టిపోయింది. 1958లో ప్రజలు ఓట్లు వేసి, డబ్బు తామే పెట్టుకుని మురుగును మళ్ళించడానికి ఒప్పుకున్నారు. 1963లో మొదలై 1968 నాటికి మళ్ళింపు పూర్తయింది, కొద్ది ఏళ్ళలోనే నీరు తేటపడింది. ఎవరు దోషో తేలాక డబ్బు కడతామని వాళ్ళు కూర్చోలేదు. అది లోతైన సరస్సు, మనది బురద చెరువు. మన అడుగున పాత బాకీ చాలా ఉంది, వచ్చేది ఆపినా కొన్నేళ్ళు వడ్డీ కడుతూనే ఉండాలి. అందుకే ముందు వచ్చేది ఆపాలి.

జమ్ము మడికి డబ్బు కావాలి. మేము సగం వేసుకున్నాం. మిగతా సగానికి ఎగువ కాలనీకి వెళ్ళాం. ‘‘చేపలు పట్టుకునేది మీరు, డబ్బు ఇవ్వవలసింది మేమా?’’ అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కూర్చుని చాలాసేపు మాట్లాడాం. చివరికి కొందరు ఇస్తామన్నారు. చిక్కు రసీదు దగ్గర వచ్చింది. రసీదు పుస్తకం మీద నన్కొడై, అంటే విరాళం, అని అచ్చువేయిద్దామన్నారు వాళ్ళు. విరాళం ఇష్టమైతే ఇచ్చేది, ఇచ్చినవాడికి పేరు తెచ్చేది. వచ్చే ఏడు ఇవ్వకపోతే అడగడానికి లేదు. బాకీ అని వేయిద్దామన్నాను నేను. ఆ మాట తమిళంలోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది, ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. కాలనీ సంఘం అధ్యక్షుడు ఒప్పుకోలేదు. ‘‘బాకీ అంటే మేమేదో తప్పు చేశామన్నట్టుంది, సార్’’ అన్నారు. తప్పు లేకుండా కూడా బాకీ ఉంటుందండీ, మా బ్యాంకులో నిండా వాళ్ళే అన్నాను. ఆయన నవ్వారు గాని మాట మార్చుకోలేదు.

రసీదు పుస్తకం ఇంకా ప్రెస్సులోనే ఉంది. ఐప్పసి వానలు మొదలయ్యేలోగా మడి కట్టాలి గనక ప్రస్తుతానికి తెల్లకాగితం మీద రసీదులు రాసి ఇస్తున్నాను. ‘చెరువు ఖాతాకు జమ’ అని మాత్రమే రాస్తున్నాను.